కూర్మనాథుని నేతి లెక్క

మన శ్రీకూర్మం చరిత్ర ఎత్తితే చాలు, మాట నేరుగా రామానుజుల మీదికి పోతుంది. ఆయన రాకతో శివాలయం రాత్రికి రాత్రి విష్ణ్వాలయమైందని కొందరు, మొదటినుంచీ కూర్మనాథుడేనని కొందరు. పడమటి ముఖం, రెండు ధ్వజస్తంభాలు చూపించి ఇరువర్గాలూ తమకు కావలసిన అర్థం లాగుతారు. గట్టి ఆధారాల్లో ఒకటి శక 1203, అంటే 1281 నాటి మధ్వ సన్యాసి నరహరితీర్థుల శాసనం. కూర్మనాథుని ఎదుట యోగానంద నృసింహునికి ఆయన గుడి కట్టించారు. అప్పటికే కూర్మనాథుడు ఇక్కడ స్థిరపడ్డాడని దీనివల్ల తేలుతుంది. అంతకుముందు సంగతి ఈ శాసనంతో తేలదు. తేలిందని రాసేవారు రాతిచేత దొంగసాక్ష్యం చెప్పిస్తున్నట్టే.

ఆ శాసనాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ఆరో సంపుటంలో పరిష్కరించిన హెచ్. కృష్ణశాస్త్రి గారికి ఊరు రుణపడి ఉంది. కానీ తర్వాతి రచయితలు నరహరితీర్థుల మధ్వ గురుపరంపర, శబరుల మీద కత్తి పట్టిన సన్యాసిగా ఆయన కథ దగ్గరే ఆగిపోయారు. పక్కనున్న నల్లరాతి స్తంభాల మీద గాంగ రాజుల కాలం నాటి దానశాసనాలు ఎన్నో ఉన్నాయి. దాత పేరు, శక సంవత్సరం, అఖండదీపం, అందుకు ఇచ్చిన మాడలు అనే నాణేలు: చాలావాటి వరస ఇదే. చదవడానికి విసుగే. కానీ ఊరి బతుకు లెక్క అక్కడే ఉంది. మాడలు భండారంలో ఉంటాయి, దీపం మాత్రం నేతితోనే వెలగాలి. ఏడాది పొడవునా రోజూ నెయ్యి రావాలంటే చుట్టూ పాడి, మేతభూమి, కాసే మనుషులు ఉండాలి. నైవేద్యానికి వరి పండాలి, అదీ వంశధార మీది గొట్టా బ్యారేజీ కాలువలు లేని రోజుల్లో.

దాతల్లో రాజబంధువులూ అధికారులూ ఉన్నారు కదా, ఇది కొలువు సొమ్మే గాని రైతు సంపద కాదు అనవచ్చు. సొమ్ము కొలువుదే కావచ్చు. కొనడానికి సరుకు లేనిచోట మాడలు పెట్టి ఏం లాభం? పైగా కొలువు ఖజానా నిండిందీ ఈ వంశధార, నాగావళి మాగాణుల శిస్తుతో కూడా. దేవుడి మీద బతికే ఊరని మనల్ని తేలికచేసే శ్రీకాకుళం వారికి నా జవాబు ఇదే: చుట్టుపక్కల పల్లెలు పోషిస్తేనే క్షేత్రం నిలిచింది.

ఈ దానశాసనాల పాఠాలు ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ అయిదో సంపుటంలో అచ్చయి ఉన్నాయి. దేవస్థానం వారు వాటిని నేటి తెలుగులోకి మార్పించి, స్థలపురాణం పక్కన చిన్న పుస్తకంగా అమ్మాలి. స్తంభాలకు సున్నం, రంగు తగలనివ్వకూడదు.