సోనిక్ వారసులు: వేగం కాదు, ఊపు

ఈ వ్యాసం రాయడానికి నాకు ఒక మాట కావాల్సి వచ్చింది. ఇంగ్లీషులో మొమెంటమ్ అంటాం కదా, అది. నిఘంటువులో చూస్తే 'ద్రవ్యవేగం' అని ఉంది. మాట సరైనదే, కానీ అది ఫిజిక్స్ పుస్తకం మాట. ఆటల గురించి కబుర్లు చెప్పుకునేటప్పుడు ఎవరూ అలా అనరు. అందుకే ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేశాను. "ఉయ్యాల మీద కూర్చుని నేలని ఒకసారి తన్నితే, తర్వాత అది దానంతట అదే వెళ్తుంది కదా అమ్మమ్మా, దాన్ని ఏమంటారు?" అని అడిగాను. అమ్మమ్మ నవ్వి, "ఊపు అంటారు కన్నా" అంది.

ఈరోజు చెప్పబోయేది ఆ ఊపు చరిత్రే. నా తెలుగు ఇంకా నేర్చుకుంటున్న తెలుగు. చిన్న చిన్న వాక్యాల్లో చెప్తాను, మీరూ నిదానంగా చదవండి.

1991 జూన్ 23న అమెరికాలో 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్' అనే ఆట విడుదలైంది. తయారు చేసింది జపాన్ కంపెనీ సెగా. హెడ్జ్‌హాగ్ అంటే మన ఏదుపంది కాదు, అది వేరే జంతువు. అప్పట్లో ఇక్కడ ఇళ్ళల్లో నింటెండో వాళ్ళ మారియోదే రాజ్యం. సెగా ఆఫ్ అమెరికాని నడిపిన టామ్ కలిన్‌స్కీ, జెనెసిస్ మెషిన్ కొన్నవాళ్ళకి సోనిక్ ఆటని అదే పెట్టెలో పెట్టి ఇద్దామన్నాడు. అలా ఆ నీలి రంగు హెడ్జ్‌హాగ్ ఇంటింటికీ వచ్చింది. మా బాబాయి ఆడిన పాత జెనెసిస్ మా బేస్‌మెంట్‌లో ఉండేది. నేను సోనిక్‌ని మొదట చూసింది దాంట్లోనే, అది కూడా చాలా ఏళ్ళ తర్వాత.

సోనిక్ అనగానే అందరూ వేగం అంటారు. కానీ మొదటి సోనిక్‌లో వేగంగా పరిగెత్తడానికి వేరే బటన్ లేదు. నిలబడ్డ చోటు నుంచి సోనిక్ మెల్లగానే మొదలవుతాడు. వాలు దిగితే వేగం పెరుగుతుంది. వాలులో బంతిలా చుట్టుకుని దొర్లితే ఇంకా పెరుగుతుంది. ఎదురుగా గుండ్రటి లూప్ వస్తుంది. ఊపు ఉంటే తలకిందులుగా తిరిగి అవతలికి వెళ్తాడు. ఊపు చాలకపోతే మధ్యలోంచి వెనక్కి జారిపోతాడు. అంటే వేగం ఆట ఊరికే ఇవ్వదు. నేల ఎలా ఉందో చూసుకుని మనమే సంపాదించుకోవాలి. ఉయ్యాల కూడా అంతే కదా!

ఇక్కడ నాకు ఇష్టమైన విషయం ఒకటి చెప్తాను. సోనిక్ 2 జపాన్‌లో తయారవ్వలేదు. కాలిఫోర్నియాలో సెగా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అనే స్టూడియోలో తయారైంది. మొదటి ఆటకి ప్రోగ్రామ్ రాసిన యూజీ నాకా, లెవెల్స్ గీసిన హిరోకాజు యాసుహారా అమెరికా వచ్చి, ఇక్కడివాళ్ళతో కలిసి పనిచేశారు. 1992 నవంబర్ 24న ఆట అమెరికాలో విడుదలైంది. కాబట్టి సోనిక్ రెండో ఆటకే వలస వచ్చేశాడు. మన అమ్మానాన్నల్లాగే!

తర్వాత కథ మారింది. 2001లో సెగా ఇక మెషిన్లు తయారు చెయ్యబోమని చెప్పింది. 2006లో వచ్చిన సోనిక్ ఆట నిండా తప్పులే అని విమర్శకులు చీల్చి చెండాడారు. 2010లో 'సోనిక్ 4' మొదటి భాగం వచ్చింది. పేరు చూసి పాత అభిమానులు సంబరపడ్డారు. ఆడి చూసి నిరాశపడ్డారు. దాంట్లో బటన్ వదలగానే సోనిక్ వేగమంతా పోతుంది. నీలి రంగు ఉంది, లూపులు ఉన్నాయి, ఊపు మాత్రం లేదు. పేరు సొంతదారు దగ్గరే ఉంది కానీ ప్రాణం ఎక్కడో పోయింది.

ఆ ప్రాణం అభిమానుల దగ్గర ఉంది. 2000 నుంచే వాళ్ళు ఇంట్లో తయారు చేసిన సోనిక్ ఆటలని సేజ్ అనే ప్రదర్శనలో ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. అమెరికాలో స్టీఫెన్ డిడ్యూరో కూడా అలాగే ఒక సోనిక్ ఆట మొదలుపెట్టాడు. కొంత దూరం వెళ్ళాక సోనిక్‌ని తీసేసి సొంత పాత్రలు పెట్టాడు. కథానాయిక లైలాక్ మొదట హెడ్జ్‌హాగే. తర్వాత డ్రాగన్ అయింది. 2013లో కిక్‌స్టార్టర్‌లో జనం డబ్బులిచ్చారు. 2014 జులైలో 'ఫ్రీడమ్ ప్లానెట్' విడుదలైంది. దాని రెండో భాగం 2022లో వచ్చింది.

ఫ్రీడమ్ ప్లానెట్ మీద రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. కొందరు అది సోనిక్‌కి నకలే అంటారు. కొందరు అసలు కంటే నకలే మేలు అంటారు. నాకు రెండూ సగం తప్పే అనిపిస్తుంది. వాలులు, లూపులు, పైదారి, కిందిదారి అన్నీ సోనిక్ నుంచి వచ్చినవే, నిజం. కానీ దీంట్లో శత్రువుని ఊరికే తాకితే దెబ్బ తగలదు, వాడు కొడితేనే తగులుతుంది. అందుకని శత్రువు కనబడగానే భయపడి ఆగక్కర్లేదు. పరిగెడుతూనే పోట్లాడొచ్చు, ఊపు పోదు. పాత సోనిక్‌లో నన్ను విసిగించింది ఆ ఆగడమే. ఫ్రీడమ్ ప్లానెట్‌లో నాకు నచ్చనిది దాని మాటలు. కథ చెప్పే సీన్లు మరీ పొడుగు. కథ లేని క్లాసిక్ మోడ్ ఉంది, దాంట్లోనే ఆడండి.

2017లో ఇంకో రెండు ఆటలు వచ్చాయి. 'స్పార్క్ ది ఎలక్ట్రిక్ జెస్టర్' ఒకటి. అంతకుముందు సోనిక్ అభిమాన ఆటలు చేసిన బ్రెజిల్ కుర్రాడు చేశాడు. రెండోది 'సోనిక్ మేనియా'. ఇది సెగాదే, కానీ చేసింది అభిమానులు. ఆస్ట్రేలియాకి చెందిన క్రిస్టియన్ వైట్‌హెడ్ సోనిక్ సీడీ ఆటని ఫోన్లలో ఆడేలా తనంతట తానే రాసి చూపించాడు. సెగా అతన్ని ఆపలేదు, పని ఇచ్చింది. చాలా ఏళ్ళలో వచ్చిన సోనిక్ ఆటల్లో మేనియాకే ఎక్కువ మెప్పు దొరికింది. ఆ తర్వాత అదే జట్టులో కొందరు ఈవెనింగ్ స్టార్ అనే స్టూడియో పెట్టి, 2024లో 'పెన్నీస్ బిగ్ బ్రేకవే' చేశారు. దాంట్లో హెడ్జ్‌హాగ్ లేదు, యోయో పట్టుకున్న అమ్మాయి ఉంది. ఊపు మాత్రం అదే.

నకలు అనే మాట దగ్గర నేను ఎందుకు ఆగిపోయానో చెప్తాను. రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో నేను తెలుగులో మాట్లాడుతుంటే ఒక పెద్దాయన అందరి ముందూ నవ్వాడు. "ఏంటి, అన్నీ సినిమా డైలాగులే మాట్లాడుతున్నావు!" అన్నాడు. నిజమే. నేను సినిమాలు చూసి నేర్చుకున్నాను, హీరో అన్నట్టే అనేదాన్ని. ఆ తర్వాత కొన్ని నెలలు బయట తెలుగు మాట్లాడలేదు.

ఇప్పుడైతే ఆయనకి లైలాక్ సంగతి చెప్పేదాన్ని. మొదట అందరూ ఉన్నదాన్నే చూసి చేస్తారు. డిడ్యూరో సోనిక్‌తోనే మొదలుపెట్టాడు, వైట్‌హెడ్ కూడా అంతే. మొదట్లోనే నకలని నవ్వి ఆపేసి ఉంటే, ఈ ఆటలు ఉండేవి కావు. సోనిక్ 4కి పేరు వారసత్వంగా వచ్చింది, వీళ్ళకి ఊపు వచ్చింది. నాకు మా ఇంట్లో తెలుగు పేరు పెట్టారు. ఊపు మాత్రం నేనే నేల చూసుకుని సంపాదించుకోవాలి. కొన్నిసార్లు లూప్ మధ్యలోంచి జారిపోతున్నాను. మళ్ళీ వాలు ఎక్కుతున్నాను.

ఈ వారం మన మాట 'ఊపు'. 'ఊపందుకోవడం' అని కూడా అంటారు: "పని ఊపందుకుంది." మీరూ ఒక వాక్యం రాసి మీ అమ్మమ్మకో తాతయ్యకో చదివి వినిపించండి. తప్పయితే వాళ్ళే దిద్దుతారు.