చిరునామా మారిన సహాయ పుటలు
అంతర్జాలములో తెలుగు గుంపుల చరిత్ర

డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్లారి జిల్లా గెజిటీరు 1904లో వెలువడినది. మంత్రాలయమును గురించి ఆనాటి సంగతులు తెలిసికొనగోరువారు ఈ గ్రంథమునే చూడవలెను, కర్నూలు జిల్లా గ్రంథములను తిరుగవేసి లాభము లేదు. ఏలననగా ఆ ఊరు అప్పుడు మదరాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో, ఆదోని తాలూకాలో, మంచాల అను పేరుతో ఉండెడిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరినది. 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చి, మంత్రాలయమే ఒక మండలమునకు ముఖ్యస్థానమైనది. తుంగభద్ర కదలలేదు. 1671 నాటి రాఘవేంద్రస్వామి బృందావనమును కదలలేదు. మారినది చిరునామా. అయినను మనము దారి తప్పము. ప్రతి మార్పును ప్రభుత్వము ప్రకటించి, ఏది దేనిలో చేరినదో వ్రాసి ఉంచినది.

ఈ సంగతిని ముందుగా చెప్పుటకు కారణమున్నది. అంతర్జాలములో మనము నొక్కు ప్రతి లంకె ఒక చిరునామాయే. అది వస్తువు కాదు, వస్తువు పేరును కాదు. ఆ వస్తువును ఏ యంత్రములో, ఏ అరలో ఉంచినారో తెలుపు గుర్తు మాత్రమే. అర మారినచో గుర్తు పనికిరాదు. 1965లో "హైపర్‌టెక్స్ట్" అను మాటను వాడుకలోనికి తెచ్చిన టెడ్ నెల్సన్ ఉద్దేశించిన లంకెలు రెండువైపులా తెలియునట్టివి. తన వైపు ఎవరు చూపుచున్నారో గమ్యస్థానమునకు కూడ తెలియవలెనని ఆయన కోరిక. 1989లో జెనీవా వద్ద సెర్న్ సంస్థలో వెబ్‌కు రూపకల్పన చేసిన టిమ్ బెర్నర్స్‌లీ ఆ నిర్బంధమును పెట్టలేదు. ఎవరి అనుమతియు అక్కరలేకుండ ఎవరైనను ఎవరికైనను లంకె వేయవచ్చును. వెబ్ లోకమంతట వ్యాపించుటకు ఈ స్వేచ్ఛయే ముఖ్య కారణమని నా అభిప్రాయము. లంకెలు తెగుటకు కారణమును అదియే. పుటను తీసివేయువానికి ఎన్ని దారులు తన వైపు వచ్చుచున్నవో తెలియదు.

వెబ్ నియమములలో దీనికి కొన్ని సంఖ్యలు ఏర్పరచినారు. 404 అనగా "దొరకలేదు". ఇది విద్యార్థులందరికి పరిచితమే. 301 అనగా "శాశ్వతముగా వేరొక చోటికి మారినది, అక్కడికి పొమ్ము". 410 అనగా "ఉండినది, ఇప్పుడు లేదు, ఇక వెదకవద్దు". మంచాల విషయములో గెజిటు ప్రకటనలు చేసిన పని 301 వంటిది. వెబ్‌లో మనకు ఎక్కువగా ఎదురగునది 404. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2013 నాటి వెబ్ పుటలలో నూటికి 38 పది సంవత్సరములు గడచుసరికి అందుబాటులో లేవు.

సాధారణమైన పుట పోయినచో చదువరికి ఒక సమాచారము తగ్గును. గుంపులు నడుపుకొను సాఫ్టువేరులో సహాయ పుట పోయినను, పాతబడినను నష్టము వేరు విధముగా ఉండును. గుంపు పెట్టినవాడు క్రొత్తవారికొరకు ఒక స్వాగత లేఖ వ్రాసి, "ఫైళ్లు ఇక్కడ ఉన్నవి, తెలుగు ఇట్లు టైపు చేయవలెను, సందేహమున్నచో ఈ లంకె చూడుడు" అని చెప్పును. కొన్నాళ్లకు ఆ సౌకర్యము ఉండదు, లేఖ మాత్రము ఉండును. చెప్పినట్లే చేసినను పని జరుగనప్పుడు క్రొత్తవాడు లేఖను అనుమానించడు. తప్పు తనదే అనుకొనును. కంప్యూటరు మనకు రాదని చాలమంది పెద్దవారు వెనుదీయుటకు ఇటువంటి లేఖలు కొంత కారణమని చెప్పవచ్చును.

తెలుగువారి అనుభవమున ఈ చరిత్ర యూజ్‌నెట్‌తో మొదలగును. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ దానిని తలపెట్టినారు. 1990లలో అమెరికాలోని తెలుగువారికి అందులో ప్రత్యేకముగా ఒక చర్చావేదిక ఉండెడిది. ఆనాటి యంత్రముల నడుమ నిరాటంకముగా పోగలిగినది ఆస్కీ అను సంకేతమాల. దానిలో స్థానములు 128 మాత్రమే. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు వానిలోనే ఇమిడినవి. తెలుగుకు చోటు లేదు. ఈ చిక్కునకు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయములో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక ఉపాయము కనిపెట్టినారు. అదే ఆర్.టి.ఎస్. అనబడు లిప్యంతరీకరణ పద్ధతి. ఇంగ్లీషులోని చిన్న టీ అక్షరము తకారము, పెద్ద టీ టకారము. చిన్న ఎన్ నకారము, పెద్ద ఎన్ ణకారము. పెద్ద ఎమ్ సున్న. చూచుటకు అందము లేదు. వాక్యము మధ్యలో పెద్ద అక్షరములు లేచి నిలబడి కంటికి ఇబ్బంది కలిగించును. కాని దానికి ప్రత్యేకమైన ఫాంటు అక్కరలేదు, ఏ సంస్థ మద్దతును అక్కరలేదు. వచ్చినదానిని తెలుగు లిపిలోనికి మార్చుకొనుటకు రిట్ అను సాధనము కూడ ఉండెడిది. అది లేకున్నను అలవాటుపడినవారు సూటిగా చదువుకొనెడివారు.

తరువాత తెలుగు లిపిలోనే చూపు ఫాంట్లు వచ్చినవి. వీనిలో పెక్కు ఒక కనికట్టుపై ఆధారపడినవి. యంత్రము లోపల ఇంగ్లీషు అక్షరపు సంఖ్యయే ఉండును. ఫాంటు దానికి తెలుగు ముక్కను తొడుగును. ఒక ఫాంటులో ఒక సంఖ్య గుణింతపు గుర్తు అయినచో, మరొక దానిలో అదే సంఖ్య వేరొక అక్షరమగును. 1997 ప్రాంతమున నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరులు ఫాంటును పుటతోపాటు దింపుకొను సౌకర్యమును కల్పించినవి. అయితే రెంటి పద్ధతులు వేరు. నెట్‌స్కేప్ తన పద్ధతిని 2000లో వచ్చిన ఆరవ కూర్పులో విడిచిపెట్టినది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే 2022 జూన్ 15న మద్దతు ఆగినది. అట్టి ఫాంట్లలో కూర్చిన పుట నేడు చేతికి దొరికినను, ఫాంటు లేనిదే అర్థములేని గుర్తుల వరుసగా కనిపించును. అక్షరములు పోలేదు. అవి ఏ అక్షరములో చెప్పు తాళపుచెవి పోయినది.

ఈ అవస్థకు విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయించినారు. కకారము సంఖ్య 3093. ఏ ఫాంటు వాడినను ఆ సంఖ్య మారదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు రాగా, యూనికోడ్ తెలుగు సామాన్యుల యంత్రములకు చేరినది. అయినను సాధారణముగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్క కకారమునకు మూడు బైట్లు కావలెను: 224, 176, 149. పాత గుంపు సాఫ్టువేరు వీనిని మూడు వేరు అక్షరములుగా భ్రమించినచో "క" స్థానమున మూడు వింత గుర్తులు కనిపించెడివి. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చెప్పినచో, సంకేతమునకును లిపికిని గల భేదము పిల్లలకు ఇట్టే బోధపడును.

ఈ సంధికాలముననే గుంపులు యూజ్‌నెట్ నుండి కంపెనీల వేదికలకు తరలినవి. యాహూ సంస్థ 2000లో ఈగ్రూప్స్‌ను కొని, 2001లో యాహూ గ్రూప్స్‌ను నడుపసాగినది. తెలుగు సాహిత్య చర్చలకు పేరుపొందిన రచ్చబండ, పద్యరచనకు సంబంధించిన ఛందస్సు అను గుంపులు ఇచ్చటనే నడచినవి. ఉత్తరములే కాక ఫైళ్లు, చిత్రములు, లంకెల పట్టికలు దాచుకొనుటకు అరలు ఉండెడివి. గూగుల్ గ్రూప్స్‌లోను పుటలు, ఫైళ్లు పెట్టుకొను వీలుండెడిది. 2010లో గూగుల్ ఈ రెండు సౌకర్యములను తీసివేయుచున్నామని ప్రకటించి, 2011లో అట్లే చేసినది. పుటలు కావలసినవారు గూగుల్ సైట్స్‌కు పొండని సలహా ఇచ్చినది. ఆ సైట్స్ పాత రూపమును తరువాతి కాలమున తీసివేయబడినది. ఒక సహాయ లంకె మరొక లంకెకు చూపును, అదియు మూతపడును. ఇది గొలుసు.

యాహూలో జరిగినది ఇంతకంటె పెద్దది. 2019 అక్టోబరులో ప్రకటన వచ్చినది. అక్టోబరు 28 నుండి క్రొత్త ఫైళ్లు చేర్చుట ఆగినది. డిసెంబరు 14 పాత నిల్వలకు గడువు. నిరసనల మీదట తమ భాగమును దింపుకొనుటకు 2020 జనవరి 31 వరకు వ్యవధి ఇచ్చినారు. ఆ పిమ్మట ఉత్తరములు పంపుకొనుట ఒక్కటే మిగిలి, అదియు 2020 డిసెంబరు 15న ముగిసినది. ఇరువది ఏండ్ల వాదములు, సవరణలు, పద్యములు ఉన్న అరలకు మొదట ఇచ్చినది రెండున్నర నెలల లోపు వ్యవధి! ఆర్కైవ్ టీమ్ అను స్వచ్ఛంద బృందము వీలైనన్ని గుంపులను కాపాడినది. కాని మూసి ఉంచిన గుంపులలోనికి సభ్యులు కానివారు పోలేరు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మంత్రాలయమును ముంచినది. అదే నెల 26న జియోసిటీస్ అను వేదిక మూతపడి లక్షల స్వంత పుటలు పోయినవి. వరదలో తడిసిన కాగితమును ఎండబెట్టి చూడవచ్చును. మూతపడిన వేదికలో ఆరబెట్టుటకు ఏమియు ఉండదు.

తెలుగు వికీపీడియా కథ కొంత భిన్నము. వెన్న నాగార్జున 2003 డిసెంబరు 10న ప్రారంభించిన ఈ విజ్ఞానసర్వస్వములో సభ్యుల చర్చాస్థలమునకు కూడ రచ్చబండ అనియే పేరు. ఇచ్చటను సౌకర్యములు మారుచునే ఉన్నవి. తెలుగు టైపు చేయుటకు నారాయం అను ఉపకరణముండెడిది. 2013లో దానిని తీసి, సార్వత్రిక భాషా ఎంపిక పరికరమును పెట్టినారు. టైపింగు సహాయ పుటలు అప్పుడు తిరిగి వ్రాయవలసి వచ్చినది. ఇంగ్లీషులో మార్పు వెంటనే జరిగినను, తెలుగులో వ్రాయు స్వచ్ఛంద సేవకులు కొలదిమందియే కావున సహాయ పుట వెనుకబడుట సహజము. అయితే ఒక్క విశేషమున్నది. ప్రతి పుటకు చరిత్ర అను మీట ఉండును. ఏ వాక్యమును ఎవరు ఏ తేదీన వ్రాసినారో తెలియును. సలహా 2012 నాటిదని తెలిసినచో, అది నారాయం కాలపు మాటయని చదువరి తానే ఊహించుకొనగలడు. పాత సలహా ఉండుట అంత దోషము కాదు. తేదీ లేకుండుట దోషము.

ఇది పెద్ద కంప్యూటర్లకు పరిమితమైన సంగతి కాదు. 2018లో మీటల జియోఫోనుకు వాట్సాప్ వచ్చినప్పుడు అల్పాదాయ కుటుంబములకు గుంపుల ప్రవేశము లభించినది. ఆ ఫోనులోని కైఓఎస్ వ్యవస్థపై 2024 జూన్ నుండి క్రొత్తవారు వాట్సాప్‌ను పెట్టుకొనుటకు వీలు లేదు. బడి సమాచారమంతయు వాట్సాప్ గుంపులో పెట్టుచున్న చోట, అట్టి ఫోనుగల ఇంటికి ఆ సమాచారము ఎట్లు చేరును? ఇది ఉపాధ్యాయులు విచారింపదగిన ప్రశ్న.

గూగుల్ 2024 ఫిబ్రవరి 22న యూజ్‌నెట్‌కు మద్దతు ఆపినది. నాటినుండి క్రొత్త సందేశములు అందులో చేరవు. పాతవి మాత్రము చూచుకొనుటకు ఉంచినారు. వానిలో ఆర్.టి.ఎస్.లో వ్రాసిన తెలుగు వాక్యములు ముప్పది ఏండ్ల పిమ్మటను ఏ సాధనము అక్కరలేకుండ చదువ వీలగుచున్నవి. చిన్న టీ తకారమనియు, పెద్ద టీ టకారమనియు తెలిసిన హైస్కూలు విద్యార్థికి కొద్దిసేపటి సాధన చాలును.