కాల్చిన దుంప: మూడు నేరాలు, ఒక హక్కు



హాస్టల్ మెస్‌లో ఆలుగడ్డ కూర తినడానికి మనకెవరికీ సిగ్గు లేదు. కానీ "మా ఇంటి దగ్గర అడవి దుంపలు తింటాం" అని చెప్పాల్సి వస్తే మనలో చాలామందిమి నోరు మెదపం. అది కరువు తిండి అని ఎవరో అన్నారు, మనమూ నమ్మేశాం. అందుకే ఈసారి ఆ దుంప చరిత్రే చెప్పుకుందాం.

ముందు వంట సంగతి. వానలు వెనకబట్టి తీగ పండి ఎండేసరికి కింద దుంపలో పిండి బాగా పట్టి ఉంటుంది. తవ్వి తెచ్చి, మన్ను దులిపి, తొక్క తీయకుండానే వేడి బూడిదలో కప్పెట్టి పైన నిప్పులు ఎగదోస్తారు. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. తొక్క ఒలిచాక సగం తేనెలో అద్దుకోవచ్చు, సగం ఉప్పూ కారం నంజుకోవచ్చు. అంబలి పక్కన ఇంతకన్నా ఏం కావాలి? నూనె అక్కర్లేదు, గిన్నె కూడా అక్కర్లేదు.

అయితే అన్ని దుంపలూ ఇలా నేరుగా కాల్చుకునేవి కావు. కొన్ని చేదు, కొన్ని విషం. అలాంటివాటిని పలుచగా కోసి, ఉడకబెట్టి, పారే నీళ్లలో నానబెట్టి విషం పోయాకే తింటారు. ఏ తీగ కింద ఏ దుంప ఉందో ఆకు చూసి చెప్పే పెద్దవాళ్లు పక్కన లేకుండా మనం ప్రయత్నించకూడదు. ఇంత తెలివి ఒక్క కరువులో వచ్చేది కాదు, తరాలు పట్టింది.

హైమండార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద రాసింది 1945లో వచ్చాయి. కొసకు ఇనుప మొన ఉన్న కర్రతో దుంపలు తవ్వుకోవడం చెంచుల రోజువారీ బతుకులో భాగమని ఆయన చూసి రాశాడు. అంటే దుంప వాళ్లకు అప్పుడప్పుడు తినేది కాదు, అసలు తిండే.

అంతకు చాలా ముందే ఈ తిండి మీద చట్టం పడింది. కృష్ణకు దక్షిణాన ఉన్న నల్లమల, గోదావరి ఏజెన్సీ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1882 మద్రాసు అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నేల తవ్వడం, అటవీ ఉత్పత్తి తీసుకుపోవడం, నిప్పు రాజేయడం నేరాలు. ఒకసారి ఆలోచించండి. దుంప కాల్చుకు తినాలంటే చేసేవి ఆ మూడు పనులే కదా! నిన్నటిదాకా వంట అయినది ఒక్క కాగితంతో నేరమైపోయింది. మన తాతలు గార్డు కనబడితే దాక్కోవడం అక్కడే మొదలైంది.

124 ఏళ్లకు, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో తేనె, తునికాకులతో పాటు వేర్లు, దుంపలు అని పేరు పెట్టి మరీ రాశారు. సంప్రదాయంగా సేకరిస్తున్న వాటి మీద యాజమాన్య హక్కు మనదే అంది చట్టం. ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. 2008 నిబంధనల్లో 13వది చూడండి. సామూహిక హక్కుల క్లెయిముకు దుంపలు, వేర్లు సేకరించే చోట్లను సాక్ష్యంగా చూపించొచ్చు. పెద్దలు చెప్పిన మాట రాసి పెట్టినా సాక్ష్యమే.

అంటే అవ్వకు గుర్తున్న దుంపల గట్టు మన ఊరి హక్కుకు ఆధారం. ఆ గట్టు ఎక్కడుందో తెలిసినవాళ్లు వెళ్లిపోతే ఆ ఆధారమూ వాళ్లతోనే పోతుంది.

కాబట్టి ఈ సెలవుల్లో మనందరం ఒక పని చేద్దాం. ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని దుంపల పేర్లు, దొరికే చోట్లు, తవ్వే కాలం మన భాషలో రాసుకుందాం. గ్రామసభలో చదివి వినిపిద్దాం. రాశాక వాళ్లతోనే కూర్చుని ఒక దుంప కాల్చుకు తిందాం, దాక్కోకుండా.

మీ ఊళ్లో ఏ దుంపను ఏమంటారో కింద రాయండి. జై ఆదివాసీ!