న్యాయసమీక్షకు పునాది: 1803 నాటి మార్బరీ తీర్పు

చట్టసభ చేసిన చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే అది చెల్లదని ప్రకటించే న్యాయస్థానాల అధికారాన్ని న్యాయసమీక్ష అంటారు. అమెరికా ప్రభుత్వ వ్యవస్థకు ఆయువుపట్టు వంటి ఈ అధికారం 1787లో ఫిలడెల్ఫియాలో రూపుదిద్దుకొన్న రాజ్యాంగంలో ఎక్కడా విస్పష్టంగా లేదు. అలెగ్జాండర్ హామిల్టన్ 1788లోనే దీనిని సమర్థించినప్పటికీ, సుప్రీంకోర్టు ఒక కేంద్ర చట్టాన్ని తొలిసారి కొట్టివేసినది 1803లో, అది కూడా ఒక చిన్న ఉద్యోగ వివాదంలో.

1800 ఎన్నికలలో ఫెడరలిస్టు పక్షానికి చెందిన అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ చేతిలో ఓడిపోయాడు. కొత్త అధ్యక్షుడు 1801 మార్చి 4న పదవి చేపట్టే లోపున ఫెడరలిస్టులు కొత్త న్యాయ పదవులను సృష్టించి, వాటిని తమవారితో నింపడానికి పూనుకొన్నారు. రాజధాని ప్రాంతంలో చిన్న తగాదాలను పరిష్కరించే శాంతి న్యాయాధికారులుగా నియమితులైన వారిలో విలియం మార్బరీ ఒకడు. అతని నియామక పత్రంపై అధ్యక్షుని సంతకమూ ప్రభుత్వ ముద్రా పడ్డాయి గాని, అప్పటి విదేశాంగ మంత్రి జాన్ మార్షల్ కార్యాలయం నుండి అది అతనికి చేరలేదు. జెఫర్సన్ అధికారంలోకి వస్తూనే అటువంటి పత్రాలను నిలిపివేయించగా, మార్బరీ మరి ముగ్గురితో కలిసి కొత్త విదేశాంగ మంత్రి జేమ్స్ మాడిసన్‌పై సుప్రీంకోర్టును ఆశ్రయించి, అధికారి తన విధిని నెరవేర్చాలని శాసించే మాండమస్ రిట్‌ను కోరాడు. పత్రాలను చేర్చలేకపోయిన మార్షలే అప్పటికి ప్రధాన న్యాయమూర్తి కావడం ఈ వ్యాజ్యంలోని విశేషం.

కోర్టు ఇరకాటంలో పడింది. ఆజ్ఞ జారీచేస్తే ప్రభుత్వం దానిని లెక్కచేయకపోవచ్చు, నిరాకరిస్తే ప్రభుత్వానికి తలవంచినట్లవుతుంది. పైగా కొత్త కాంగ్రెస్ 1802లో, ఫెడరలిస్టులు సృష్టించిన సర్క్యూట్ కోర్టులను రద్దు చేయడమే కాక, సుప్రీంకోర్టు మళ్లీ 1803 ఫిబ్రవరి దాకా సమావేశం కాకుండా కాలపట్టికను మార్చివేసింది.

1803 ఫిబ్రవరి 24న వెలువడిన ఏకగ్రీవ తీర్పులో మార్షల్ మూడు మెట్లు పాటించాడు. మార్బరీకి ఆ పత్రంపై హక్కు ఉన్నదని, హక్కుకు భంగం కలిగినప్పుడు చట్టం పరిహారం చూపి తీరాలని మొదట తేల్చాడు. అయితే ఇటువంటి వ్యాజ్యాన్ని నేరుగా తన ముందే మొదలుపెట్టించుకొనే అధికారం, అంటే ప్రారంభ విచారణాధికారం, సుప్రీంకోర్టుకు రాజ్యాంగం కొన్ని వ్యవహారాలలోనే ఇచ్చిందని, 1789 న్యాయవ్యవస్థ చట్టంలోని 13వ సెక్షన్ ఆ పరిధిని పెంచుతున్నది కనుక అది చెల్లదని నిర్ణయించాడు. మార్బరీకి పదవి దక్కలేదు, మాడిసన్‌కు ధిక్కరించడానికి ఆజ్ఞ అంటూ మిగలలేదు. కాంగ్రెస్ ఇచ్చిన ఒక చిన్న అధికారాన్ని వదులుకోవడం ద్వారా, కాంగ్రెస్ చట్టాలను తూచే మహాధికారాన్ని కోర్టు స్థిరపరచుకొన్నది.

ఈ అధికారం ఎల్లప్పుడూ న్యాయానికే ఉపకరించలేదు. సుప్రీంకోర్టు మళ్లీ ఒక కేంద్ర చట్టాన్ని కొట్టివేసినది 1857లో, డ్రెడ్ స్కాట్ వ్యాజ్యంలో. ఆఫ్రికన్ సంతతివారు అమెరికా పౌరులు కాజాలరని, కేంద్ర పాలిత భూభాగాలలో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని చెప్పిన ఆ తీర్పు దేశ చరిత్రలో మాయని మచ్చ. అంతర్యుద్ధం తరువాత 1865, 1868 సంవత్సరాలలో ఆమోదం పొందిన 13, 14వ సవరణలు బానిసత్వాన్ని రద్దుచేసి, ఆ దేశంలో పుట్టినవారికి పౌరసత్వాన్ని నిర్ధారించడంతో ఆ అన్యాయం రాజ్యాంగం నుండి తొలగింది.

భారత రాజ్యాంగ నిర్మాతలు న్యాయసమీక్షను ఊహకు వదలక 13వ అధికరణంలో దానికి స్పష్టమైన ఆధారం కల్పించారు. రాజమహేంద్రవరంలో జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పులో, కొత్త నిర్ణయం మునుపటి వ్యవహారాలను తిరగదోడకుండా ఇకమీదటికే వర్తించాలనే సూత్రాన్ని అమెరికా న్యాయశాస్త్రం నుండే గ్రహించాడు. సైన్యమూ ఖజానా చేతిలో లేని న్యాయస్థానం మాట చెల్లాలంటే దాని తర్కాన్ని ఇతర శాఖలు అంగీకరించాలి, అది దారి తప్పినప్పుడు రాజ్యాంగాన్ని సవరించే శక్తి ప్రజాప్రతినిధుల వద్ద ఉండాలి. ఈ రెండూ కలిసి ఉన్నచోటనే న్యాయసమీక్ష ప్రజాస్వామ్యానికి రక్షణగా నిలుస్తుంది.