మాండలిన్ శ్రీనివాస్, ‘శక్తి’ బృందం

ఉప్పలపు శ్రీనివాస్ (28 ఫిబ్రవరి 1969 – 19 సెప్టెంబరు 2014) కర్ణాటక సంగీత విద్వాంసులు. ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కచేరీ వేదిక మీద ప్రధాన వాద్యంగా నిలబెట్టారు. ఇంగ్లండుకు చెందిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ కలిసి నడిపిన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన మాండలిన్ కీలకమైన గొంతు. ఊరు పాలకొల్లు అయినా ఆయన జీవితంలో ఎక్కువ భాగం మద్రాసులోనే గడిచింది. త్యాగయ్య కూడా తమిళనేల మీదే, కావేరి ఒడ్డున తిరువయ్యారులో, తెలుగు కృతులు కట్టారు. తమిళనేల మీద నిలిచిన ఈ తెలుగు సంగీతమే శ్రీనివాస్ వేళ్ల మీదుగా రాక్, జాజ్ శ్రోతల దాకా వెళ్లింది.

మెక్‌లాఫ్లిన్ 1942 జనవరి 4న యార్క్‌షైర్‌లోని డాంకాస్టర్‌లో పుట్టారు. జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ దగ్గర గిటార్ వాయించి, 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ స్థాపించారు. అప్పటికి రాక్ సంగీతంలో ఒక మార్పు నడుస్తోంది. మూడు నిమిషాల పాట చాలదనుకున్న బృందాలు పొడవైన రచనలు, బేసి లెక్కల లయలు, శాస్త్రీయ సంగీతపు కట్టడి చేపట్టాయి. దానికే ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. మహావిష్ణు ఆర్కెస్ట్రా జాజ్‌కూ ఈ రాక్‌కూ సరిహద్దులో నిలిచింది. 1973లో వచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ ఆల్బమ్‌ను రెండు వైపుల శ్రోతలూ తమదే అనుకున్నారు. పాశ్చాత్య రాక్ శ్రోతకు అయిదు, ఏడు మాత్రల లయ కొత్త వింత. మన వాళ్లకు ఖండచాపు, మిశ్రచాపు చిన్నప్పుడే చేతిలో పడే లెక్కలు. మెక్‌లాఫ్లిన్ దక్షిణాది సంగీతం వైపు తిరగడానికి ఈ చుట్టరికం ఒక కారణమని అనుకోవచ్చు. ఆయన కర్ణాటక విద్వాంసుడు ఎస్. రామనాథన్ దగ్గర వీణ కూడా నేర్చుకున్నారు.

హోరెత్తే ఎలక్ట్రిక్ గిటార్‌ను పక్కన పెట్టి ఆయన ‘శక్తి’ని మొదలుపెట్టారు. వయొలిన్ మీద ఎల్. శంకర్, తబలా మీద జాకిర్ హుస్సేన్, ఘటం మీద టి.హెచ్. విక్కు వినాయకరామ్. మొదటి రికార్డులో మృదంగం వాయించినది రామ్నాడ్ వి. రాఘవన్. 1976 – 77 నడుమ మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. 1978లో బృందం విడిపోయింది.

ఈ బృందం కోసం మెక్‌లాఫ్లిన్ ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నారు. మామూలు తీగలకు అడ్డంగా శ్రుతి కోసం వేరే తీగలు బిగించి ఉంటాయి. మెట్ల మధ్య కర్రను దోనెలా తొలిపించారు. వీణలో తీగను మెట్టు మీద లాగితే గమకం పలుకుతుంది. గిటార్ పలక చదునుగా ఉంటే ఆ లాగుడుకు వేలికి చోటు చాలదు. తొలిచిన పలక మీద వేలికి కర్ర తగలదు, తీగ మాత్రమే తగులుతుంది. గమకం కోసం ఎలక్ట్రిక్ నుంచి మామూలు గిటార్‌కు దిగిన మనిషి ఆయన.

శ్రీనివాస్ అదే గమకం కోసం సరిగ్గా ఎదురు దారిలో నడిచారు. ఆయన తండ్రి సత్యనారాయణ మాండలిన్, క్లారినెట్ వాయించేవారు. తండ్రి వాద్యాన్ని పసివాడుగా చేతికి తీసుకున్న శ్రీనివాస్‌కు సంగీతం చెప్పినది రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుకు మాండలిన్ రాదు. గురువు పాడతారు, పిల్లవాడు దాన్ని తీగ మీద వెతుక్కుని పలికిస్తాడు. ఈ వ్యాసకర్త దృష్టిలో శ్రీనివాస్ వాద్యం రహస్యమంతా ఇక్కడే ఉంది. మాండలిన్ ఎలా వాయించాలో గురువు చెప్పలేదు, పాట ఎలా ఉండాలో మాత్రమే చెప్పారు. వాద్యానికి అలవాటైన పోకడలు పోయి గాత్రంలోని సంగతి మిగిలింది.

మాండలిన్ స్వభావం దీనికి అనుకూలం కాదు. మామూలు మాండలిన్‌కు తీగలు జంటజంటలుగా ఉంటాయి, నాలుగు జతలు. జత తీగలను కలిపి లాగడం కష్టం, లాగినా రెండూ ఒకే శ్రుతిలో నిలవవు. తీగ పొట్టిది కనుక మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు, మన సినిమా వాద్యబృందాలు కూడా అదే స్వరాన్ని గబగబా మీటి నాదం సాగినట్టు అనిపిస్తారు. ఆ మీటుడుతో తోడి, శంకరాభరణం పలకవు. హిందుస్థానీ వైపు సజ్జాద్ హుస్సేన్ ఈ వాద్యంతో రాగాన్ని సాధించినా, కర్ణాటక కచేరీకి అప్పటికి అది ఇంకా పరాయిదే.

శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నారు. మంద్రస్థాయి అందడానికి అయిదో తీగ చేర్చారు. బోలు బుర్రకు బదులు గట్టి కర్రతో చేసిన ఎలక్ట్రిక్ వాద్యం పట్టారు. పికప్, యాంప్లిఫయర్ కలిసి ఆరిపోయే నాదాన్ని నిలబెట్టాయి. ఒక్కసారి మీటి, అది వినిపిస్తున్నంతసేపూ వేలిని జారుస్తూ, ఊపుతూ గమకాలు తీయవచ్చు. కరెంటు ఇక్కడ మోత పెంచడానికి రాలేదు, సాహిత్యంలోని ఒక అక్షరం సాగినంతసేపూ స్వరం ఊపిరి పట్టడానికి వచ్చింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. అప్పుడాయన వయసు తొమ్మిదేళ్లు. 1981 డిసెంబరు సీజన్‌లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కారు. రెండేళ్లకే, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. బాలుస్వామి దీక్షితర్ నాటి నుంచి వయొలిన్‌ను తనలో కలుపుకొన్న సంప్రదాయం మాండలిన్‌ను అంతకన్నా త్వరగా ఒప్పుకుంది. దానికి కారణం పన్నెండేళ్ల బాలుడు పూర్తి కచేరీని నిలబెట్టగలగడం. కొత్తదనం మీది మోజు అంతసేపు నిలవదు.

పాశ్చాత్యులతో ఆయన పని ‘రిమెంబర్ శక్తి’ కంటే ముందే మొదలైంది. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ 1995లో రియల్ వరల్డ్ సంస్థ నుంచి వచ్చింది. 1998లో పద్మశ్రీ.

మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ 1997లో పాత బృందాన్ని ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్లీ తెచ్చినప్పుడు మొదట వేణువు మీద హరిప్రసాద్ చౌరసియా ఉన్నారు. తరవాత శ్రీనివాస్, వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ చేరారు, ఆపైన గాయకుడు శంకర్ మహదేవన్. మెక్‌లాఫ్లిన్ చేతిలో ఈసారి ఎలక్ట్రిక్ గిటార్. ఎదురెదురు దారుల్లో వచ్చిన ఇద్దరు ఇక్కడ కలిశారు. ‘ది బిలీవర్’ (2000)లో గిటార్, మాండలిన్ ఒకదానికొకటి స్వరాలు అందించుకునే చోట ఎవరు ఎక్కడ ఆపారో చెవికి చప్పున తెలియదు. కాసేపు విన్నాక తేడా దొరుకుతుంది: గిటార్ స్వరం నుంచి స్వరానికి పరుగెత్తుతుంది, మాండలిన్ రెండు స్వరాల నడుమ దారిని కూడా వినిపిస్తుంది.

2001లో వచ్చిన ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’లో ‘గిరిరాజ్ సుధ’ అనే రచన ఉంది. దాని మూలం బంగాళ రాగంలో త్యాగరాజ కృతి ‘గిరిరాజ సుతా తనయ’. శంకర్ మహదేవన్ గొంతులో, శ్రీనివాస్ తీగ మీద ఆ సంస్కృత వినాయక స్తుతిని ఈ బృందం ప్రపంచమంతా తిప్పింది.

శ్రీనివాస్ తన విద్యను దాచుకోలేదు. తమ్ముడు యు. రాజేశ్ ఆయన దగ్గరే మాండలిన్ నేర్చుకుని, 2008లో మెక్‌లాఫ్లిన్ ‘ఫ్లోటింగ్ పాయింట్’లో వాయించారు. కాలేయ మార్పిడి తరవాత తలెత్తిన సమస్యలతో శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూసేనాటికి వయసు 45. విద్వాంసుడికి రాగాలు పండే వయసది. తెలుగువాళ్లకు ఆ లోటు ఈనాటికీ తీరలేదు.

ఆయన లేకుండా బృందం కొన్నేళ్లు మౌనంగా ఉంది. 2023లో ‘శక్తి’ పేరుతోనే ‘దిస్ మొమెంట్’ విడుదలైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో దానికి గ్రామీ వచ్చింది. అందులో మొదటి రచన పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. జాకిర్ హుస్సేన్ 2024 డిసెంబరు 15న మరణించారు, కనుక ఈ బృందంలో ఆయన చివరి స్టూడియో రికార్డు కూడా ఈ ఆల్బమే అయింది. ‘గిరిరాజ్ సుధ’ను ఇందులో మళ్లీ పాడారు. మాండలిన్ మోగిన చోట గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ మోగుతుంది.