విరిగిన తెడ్డు

పోయిన టర్ములో మా సాంఘికశాస్త్రం సార్ ఐరోపా పటం ఇచ్చి నదులు గుర్తించమన్నారు. డాన్యూబ్ నది నల్లసముద్రంలో కలిసేచోట నా పెన్సిల్ ఆగిపోయింది. అక్కడ నది ఒక గీత కాదు, మూడు పాయలు. "అంత నీళ్లల్లో మనుషులు ఎట్లా ఉంటారు సార్?" అని అడిగాను. "చేపలు పట్టుకుని బతుకుతారు. పడవ పందెంలో ప్రపంచాన్ని గెలిచినవాళ్లు కూడా అక్కడివాళ్లే. చదివి రాసుకురా" అన్నారు. ఆ విధంగా నాకు ఇవాన్ పత్సైకిన్ గురించి తెలిసింది.

ఆయన 1949 నవంబరు 26న రొమేనియా దేశంలో, డాన్యూబ్ డెల్టాలోని మీలా 23 అనే పల్లెలో పుట్టారు. మీలా అంటే మైలు. సులినా పాయలో ఓడలవాళ్లు వేసుకున్న మైళ్ల లెక్కలో 23వ మైలు దగ్గర ఉంది కాబట్టి ఊరికి ఆ పేరే నిలిచిపోయింది. ఊరి చుట్టూ నీళ్లు, రెల్లు. బయటికి వెళ్లాలంటే పడవ ఎక్కాల్సిందే. మనం సైకిల్ నేర్చుకున్నట్టు అక్కడి పిల్లలు లోత్కా అనే చెక్క పడవ నడపడం నేర్చుకుంటారు. ఇవాన్‌గారిది కూడా చేపలు పట్టే కుటుంబమే.

ఆ ఊరివాళ్లు లిపొవన్లు. పదిహేడో శతాబ్దంలో రష్యాలో చర్చి పెద్దలు పూజాపద్ధతులు మార్చారు. రెండు వేళ్లతో సిలువ గుర్తు వేసుకోవడం మాని మూడు వేళ్లతో వేసుకోవాలన్నారు. పాత పద్ధతి వదలం అన్నవాళ్లను హింసించారు. వాళ్లలో కొందరు పారిపోయి వచ్చి ఈ డెల్టాలో ఊళ్లు కట్టుకున్నారు. ఇప్పటికీ వాళ్లు ఇంట్లో మాట్లాడేది రష్యన్, బయట రొమేనియన్. ఇది చదివినప్పుడు మా ఇల్లు గుర్తొచ్చింది. మాది ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. దూరదేశం మనిషి కాస్త చుట్టమైనట్టు అనిపించింది.

ఇక ఆట సంగతి. కానో పందెంలో ఆటగాడు సన్నటి పడవలో ఒక మోకాలి మీద కూర్చుంటాడు. తెడ్డుకు ఒకవైపే రెక్క ఉంటుంది. పందెం అంతా ఒక పక్కనే తెడ్డు వేస్తూ పడవను నేరుగా నడపాలి. నీళ్లను తోసేది, పడవను తిప్పేది, పక్కకు ఒరిగిపోకుండా నిలిపేది అన్నీ ఆ ఒక్క తెడ్డే.

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఇద్దరు కలిసి నడిపే 1000 మీటర్ల పందెంలో ఇవాన్ బంగారు పతకం గెలిచారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. జోడీగా ఉన్న సెర్గెయ్ కొవాలియోవ్ కూడా మీలా 23లో పుట్టినవారే. రోడ్డే లేని ఒక చిన్న పల్లె నుంచి ఇద్దరు ఒకే పడవలో ప్రపంచాన్ని గెలిచారన్నమాట.

కానీ నన్ను ఆలోచింపజేసింది ఆ గెలుపు కాదు, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్. ఒంటరిగా నడిపే 1000 మీటర్ల పందెం, మొదటి హీట్. బయలుదేరిన కొద్దిసేపటికే ఆయన తెడ్డు విరిగిపోయింది. మిగిలిన పడవలన్నీ ముందుకు వెళ్లిపోయాయి. ఆయన మాత్రం ఆగలేదు. చేతిలో మిగిలిన ముక్కతోనే నీళ్లు తోసుకుంటూ, అందరికంటే చివర, చాలా ఆలస్యంగా గీత దాటారు.

చూసేవాళ్లకు అది ఓటమి. కానీ హీట్‌లో వెనకబడినవాళ్లకు రెపెషాజ్ అని ఇంకో అవకాశం ఉండేది. పందెం పూర్తి చేశారు కాబట్టి ఆయనకు ఆ అవకాశం దక్కింది. దాన్నుంచి సెమీఫైనల్‌కు, అక్కణ్నుంచి ఫైనల్‌కు చేరుకున్నారు. ఫైనల్లో హంగరీకి చెందిన తమాష్ విచ్‌మన్‌ను మూడు సెకన్లకు పైగా వెనక వదిలి బంగారు పతకం గెలిచారు.

ఆయన ఎందుకు ఆగలేదు? నాకు తోచింది ఇది. నీళ్ల మధ్య ఊళ్లో పెరిగిన మనిషికి తెడ్డు విరగడం ఆట ముగియడం కాదు. నడి నీళ్లలో తెడ్డు విరిగితే పడవ దిగి నడిచి ఇంటికి పోలేం కదా! ఉన్నదానితోనే ఒడ్డుకు చేరాలి. ఆ అలవాటు ఆయనకు ఏ మైదానమో కాదు, ఊరే నేర్పి ఉంటుంది.

ఆ తర్వాత కూడా అన్నీ గెలుపులే కావు. 1976 మాంట్రియల్‌లో పతకమే రాలేదు. అయినా వదలకుండా 1980 మాస్కోలో, 1984 లాస్ ఏంజెలెస్‌లో తోమా సిమియోనోవ్‌తో కలిసి 1000 మీటర్ల పందెం గెలిచారు. చివరిసారి గెలిచినప్పుడు వయసు 34. మొత్తం ఐదు ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు, మూడు వెండి పతకాలు. ప్రపంచ పోటీల్లో ఇంకో 9 బంగారు పతకాలు. తర్వాత రొమేనియా జట్టుకు కోచ్‌గా పనిచేశారు.

చివరికి ఆయన మనసు మళ్లీ డెల్టా వైపే తిరిగింది. చేపల పని తగ్గి, చదువుకున్న పిల్లలు పట్నాలకు పోతున్నారు. వచ్చే యాత్రికుల మోటారు పడవల మోతకు పక్షులు బెదురుతున్నాయి. 2010లో ఆయన తన పేరుతో, ఊరి పేరుతో ఒక సంఘం పెట్టారు. ఊరి లోత్కాకు, పందెం కానోకు మధ్యస్థంగా ఉండే తేలికైన పడవ ఒకటి తయారు చేయించారు. యాత్రికులు దాంట్లో తెడ్డు వేసుకుంటూ మెల్లగా డెల్టా చూడాలని, ఊరివాళ్లకు ఊళ్లోనే పని దొరకాలని ఆయన ఆశ. 2021 సెప్టెంబరు 5న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. పోయినేడు స్పోర్ట్స్ డే నాడు 800 మీటర్ల పరుగులో, రెండో రౌండులో ఆగిపోయి పక్కకు వచ్చేశాను. కాలు నొప్పి అని అందరికీ చెప్పాను. నిజానికి నొప్పి కొంచెమే. ఎట్లాగూ చివరే కదా, అందరూ చూసి నవ్వుతారు అనుకున్నాను. పీటీ సార్ ఏమీ అనలేదు, పట్టీలో నా పేరు పక్కన గీత కొట్టి ఊరుకున్నారు. ఇవాన్‌గారి కథ చదివిన రాత్రి నాకు ఆ గీతే గుర్తొచ్చింది. చివర వచ్చినవాడికీ రాసుకోవడానికి ఒక టైము ఉంటుంది. ఆగిపోయినవాడికి అదీ ఉండదు.

ఈ ఏడు కూడా 800 మీటర్లకే పేరిచ్చాను. గెలుస్తానని చెప్పను. గీత మాత్రం దాటుతాను.