మెరకా పల్లమూ

కృష్ణానది తెచ్చిపోసిన ఒండ్రుతో నేర్పడిన బందరు, దివిసీమల మైదానమున పొలము విలువనే గాక ఊరి ఆయుర్దాయమును గూడ నిర్ణయించునది మూరెడు మెరకయే. రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల యను వర్తకస్థానము ఘంటసాలయే యని చరిత్రకారులు నిర్ణయించిరి. నేడా యూరు కడలికి కోసుల దూరమున వరిచేల నడుమ నున్నది. నేలను ముందునకు నెట్టిన ఆ మేటయే బందరు చెంతనున్న గిలకలదిండి మొగను పూడ్చుచు, మరపడవలను పోటు వచ్చువరకు నిలిపివేయుచుండును.

ఈ అంచున భూమికిని సముద్రమునకును నడుమ నిశ్చితమైన హద్దు లేదు. ఉప్పుటేళ్లు, మడచెట్లు, పోటున మునిగి పాటున తేలు పర్రలు, వానలకు పచ్చబడి పశువులకు మేతయొసగి వేసవిలో ఉప్పుపూత పూయు గడ్డిబీళ్లు, ఇవియే దాని స్వరూపము. అద్దకపు వస్త్రములకై 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును, 1669లో ఫ్రెంచివారును ఈ అంచుననున్న బందరుకే వచ్చిరి. స్వదేశమున కట్టలు పోసి, గాలిమరలతో నీరు తోడి, పచ్చికమైదానములను సముద్రమునుండి గెలుచుకొనిన డచ్చివారు, అంతటి పల్లమున కాపురముండియు ఇచ్చట వర్తకమునకే పరిమితులైరి. వారి సమాధులు బందరులో నేటికిని గలవు.

ఒకప్పుడీ పల్లమే కోటకు కందకమయ్యెను. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తలదాచుకొనిన బందరుకోట ఊబినేలచే పరివృతము. వాయవ్యమున మెరకమీద నున్న ఊరికిని దానికిని నడుమ ఒక్క కట్టయే దారి. 1759 ఏప్రిల్ 7 రాత్రి, ఊబి దాటశక్యము కానిదని నమ్మియున్న రక్షకుల దృష్టిని మరల్చుటకై ఆంగ్లేయుల కెప్టెన్ నాక్సు దళము ఆ బురదలోనుండియే నైరృతి దిక్కున బూటకపు దాడి సాగింపగా, వారి సేనాని కర్నల్ ఫోర్డు ప్రధానబలము ఈశాన్యపు బురుజుపై బడెను. తెల్లవారుసరికి కోట ఆంగ్లేయుల వశమయ్యెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచి ప్రాబల్యము దానితో కూలిపోయెను.

1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట కాలువలు మంచినీటిని తెచ్చినకొలదియు బీళ్లు మాగాణులైనవి గాని, కడలియంచు పర్రలు లొంగలేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు తీరమున 13 అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన 17 మైళ్లు లోనికి చొచ్చి సుమారు 30,000 ప్రాణములను బలిగొనెను. నీటిని నిలువరింప గుట్టయైనను లేని సమతలమగుటయే యింతటి ఘోరమునకు హేతువు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది జనులకు మరల అదే గతి పట్టినది. పిదప తుపాను రక్షణ భవనములు వెలసినవి, కరకట్టలు బలపడినవి. అయినను పర్రలను రొయ్యల చెరువులుగా త్రవ్వి మడలను నరికినచోట, కెరటపు వేగమును కట్టకు ముందే విరువవలసిన అడ్డు తొలగిపోవుచున్నది.